గువ్వలపాడు రేవు ఎవరిది

విద్దనాచార్యులను ఎవరైనా చిక్కు ప్రశ్న అడిగితే, ఆయన ముందుగా చెప్పులు వెతుక్కునేవారు. రాజోద్యోగాలకు వెళ్ళబోయే యువకులకు ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మనిషి. పాఠం చెప్పేటప్పుడు నోరు ఎంత తిరిగేదో, ప్రశ్న అడిగినప్పుడు అంతగా మూతపడేది. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఏ సంతకో, ఏ పొలిమేరకో తీసుకెళ్ళేవారు. తిరిగి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది. ఎక్కువమందికి అడిగిన ప్రశ్న మీదే అనుమానం పుట్టేది.

ఆయన శిష్యుల్లో కాచన కోటలో కొలువు చేరి, చిన్న వయసులోనే సీమల వ్యవహారాలు చూసే ప్రెగ్గడ అయ్యాడు. ఆ రాజ్యంలో ఏదైనా సరే కోటలోనే తేలాలి. పొలంలో తూము పగిలినా, రేవులో గుంజ విరిగినా ఊరివాళ్ళు కోటకు తాటాకు కమ్మ రాయించుకోవాలి, కోట నుంచి ముద్ర పడ్డ కమ్మ తిరిగి రావాలి. అది వచ్చేసరికి తూము మాట దేవుడెరుగు, పైరు కూడా మిగిలేది కాదు. కొత్తగా పట్టానికి వచ్చిన రాజు ఇది చూసి విసిగిపోయాడు. రాజ్యాన్ని కొత్త సీమలుగా విడగొట్టి, ఊళ్ళ పనులు ఊళ్ళకే ఒప్పజెప్పమని కాచనను పిలిచి చెప్పాడు. తన ముద్ర ఉంగరం తీసి అతని వేలికి తొడిగాడు.

మొదట్లో కాచనకు ఇది సులువైన పనే అనిపించింది. ఏళ్ళనూ కొండలనూ హద్దులుగా పెట్టుకుంటూ వెడల్పాటి గుడ్డ మీద రాజ్యమంతా గీశాడు. చూపించిన ప్రతివాడూ ఒక్కో మాట అన్నాడు. సీమ చిన్నదైతే పాలన గుమ్మం ముందుకు వస్తుందని పొద్దున చెప్పిన మంత్రే, చిన్న సీమకు కోట ముందు గొంతు పెగలదని సాయంత్రం చెప్పాడు. దండనాయకుడు అసలు విడగొట్టడమే తప్పన్నాడు. వింటున్నకొద్దీ అందరూ నిజమే చెబుతున్నారని కాచనకు తోచింది. అక్కడే అతనికి దిగులు పట్టుకుంది. గుర్రమెక్కి ఆచార్యుల ఇంటికి వెళ్ళి, పాదాలకు మొక్కి అడిగాడు.

"గురువుగారూ, అధికారం కోటలో ఉంటే ఊరికి అందేలోపు అదను దాటిపోతోంది. ఊళ్ళో ఉంటే ఊరి పెద్ద గుప్పిట్లో పడుతుందంటున్నారు. మరి ఎక్కడ పెట్టమంటారు?"

ఆచార్యులు చెప్పులు తొడుక్కుని, "పద నాయనా, పెద్దేటి దాకా వెళ్ళొద్దాం" అన్నారు.

పెద్దేటికి ఈవల గట్టున గువ్వలపాడు, ఆవల గట్టున రాచూరు. గుడ్డ మీద కాచన గీసిన కొత్త హద్దు సరిగ్గా ఆ ఏటి నడుమగానే పోతుంది. అంటే గువ్వలపాడు ఇకమీద ఒక సీమ, రాచూరు ఇంకో సీమ. రెండింటి మధ్యా రాకపోకలకు ఉన్నది వెదురు బుట్టకు తోలు బిగించిన ఒక్క పుట్టి పడవ. దాన్ని గువ్వలపాడు వాడైన ఓబన్న నడుపుతాడు. గురుశిష్యులు వెళ్ళేసరికి తొలకరి దాటింది, ఏరు నిండుగా ఉంది.

చావడిలో దిగగానే ఆచార్యులు అన్నారు. "ముద్ర నీ వేలికే ఉంది కదా. ఇవ్వదలచుకున్నది ఇక్కడ ఇచ్చి చూడు."

కాచన ఊరిని పిలిపించాడు. రేవు, కాలవ, బావి, బాట వీటి సంగతులు ఇకమీద గువ్వలపాడే చూసుకోవచ్చనీ, కోటను అడగనక్కర్లేదనీ, ఏటి ఆవల రాచూరు వేరే సీమ అవుతుందనీ నిండు చావడిలో చెప్పాడు. జనం సంబరపడతారని ఎదురుచూశాడు. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి స్తంభం పక్కన నిలబడ్డ ఒక ముసలామె గొంతు సవరించుకుంది. ఆమె పేరు పోతమ్మ, మగ్గం నేస్తుంది.

"అయితే కోట మమ్మల్ని వదిలేసుకుంటోందా అయ్యా?"

"వదిలెయ్యడం కాదమ్మా, మీ పనులు మీ చేతికే ఇస్తోంది."

"ఇన్నాళ్ళూ పని జరక్కపోతే కోటను తిట్టుకునేవాళ్ళం" అన్నాడు వెనకనుంచి ఒక రైతు. "ఇప్పుడు ఎవర్ని తిట్టుకోమంటారు?"

"మిమ్మల్ని మీరే తిట్టుకోండి" అని కాచన నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు.

ఆ సాయంత్రం ఊరి పెద్ద బసివిరెడ్డి అరుగు మీద ఆయనా, ఆయన దాయాదులూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. చావడిలోకి ఆ మాటలు వినిపించకపోయినా మనుషులు కనిపించారు. చూశారా, అప్పుడే తమ పని తాము మొదలుపెట్టారు అని కాచన మురిసిపోయాడు. 

తెల్లవారి రేవుకు వెళ్ళి చూస్తే పుట్టి గట్టు మీద బోర్లించి, గుంజకు కట్టేసి ఉంది. ఎగువన వాన పడ్డట్టుంది, నీళ్ళు ఎర్రగా తిరిగి క్షణక్షణానికీ పెరుగుతున్నాయి. ఆవలి గట్టున ఒకడు పైపంచె ఊపుతూ కేకలు పెడుతున్నాడు. ఏటి హోరులో మాటలు వినిపించడం లేదు. పోతమ్మ అతన్ని చూసి గుండె బాదుకుంది.

"మా అల్లుడయ్యా! మూడో కాన్పు కదా అని పిల్ల పుట్టింటికి రాలేదు. నొప్పులొచ్చినట్టున్నాయి. రాచూళ్ళో మంత్రసాని లేదు, ఉన్నది మా ఊళ్ళోనే. పుట్టి దించమంటే ఓబన్న దించనంటున్నాడు."

ఓబన్న తల వంచుకుని, "రెడ్డిగారు వద్దన్నారు" అన్నాడు.

కాచన, జనంతో పాటు రేవుకు వచ్చిన బసివిరెడ్డి వైపు తిరిగాడు. రెడ్డి తొణకలేదు.

"నిరుడు వేసవిలో రాచూరు వాళ్ళు ఏట్లో అడ్డకట్ట వేసుకున్నారయ్యా. మా కాలవకు చుక్క రాలేదు. కోటకు మొరపెట్టుకున్నాం. ఈనాటికీ జవాబు లేదు. నిన్న మీరు రేవు మాదన్నారు. వాళ్ళది వేరే సీమ అన్నారు. అడ్డకట్ట తీసేదాకా ఇక్కణ్ణుంచి పుట్టి ఆ గట్టుకు వెళ్ళదని తీర్మానం చేసుకున్నాం. అందులో మా తప్పేముంది?"

కాచన తప్పని అనలేడు. ఆ కాలవ మొర కోటలో ఎక్కడో తన మనుషుల దగ్గరే మూలుగుతోందని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. రేవు వాళ్ళదన్నదీ తనే. ఇచ్చినదాన్ని తెల్లవారగానే లాక్కుంటే నిన్నటి మాటకు విలువేముంది? లాక్కోకపోతే అవతల ఒక ఆడకూతురు ప్రాణం మీదికి వస్తుంది. సాయం కోసం గురువు వైపు చూశాడు. ఆయన దూరంగా ఒక రాతి మీద కూర్చుని, వచ్చిన జనాన్ని చూస్తున్నారు. పెరుగుతున్న ఏటికేసి కన్నెత్తి కూడా చూడటం లేదు.

అవతలి మనిషి కేకలు ఏడుపులోకి దిగాయి. నీళ్ళు గుంజ మొదటికి వచ్చాయి. కాచన ఇక ఆగలేకపోయాడు. వేలి ఉంగరం తీసి పైకెత్తాడు.

"రాజాజ్ఞ! పుట్టి దించండి!"

బసివిరెడ్డి వెంటనే చేతులు జోడించాడు. "రాజాజ్ఞ అయితే మాదేముందయ్యా" అన్నాడు. ఆ మొహంలో కోపం లేదు. పెద్ద బరువేదో ఎవరో వచ్చి దించినట్టు ఉంది. ఓబన్న పుట్టిని నీళ్ళలోకి తోశాడు. మంత్రసాని చీర దోపుకుని ఎక్కింది. పుట్టి సుడుల్లో గిరగిరా తిరుగుతూ, రెండుసార్లు కిందికి కొట్టుకుపోయి, చివరికి ఆవలి గట్టు పట్టుకుంది.

మధ్యాహ్నానికి కబురు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకుని ఉందట. మంత్రసాని ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే బిడ్డ దక్కేది కాదట. కాచన కళ్ళు చెమర్చాయి. చేసింది మంచి పనే, అందులో సందేహం లేదు అనుకున్నాడు. ఆ నిశ్చింత అతనికి భోజనం అయ్యేదాకా కూడా నిలవలేదు.

చేయి కడుక్కుని చావడి బయటికి వస్తే వాకిట్లో జనం ఉన్నారు. ఒకడి మేక ఇంకొకడి జొన్న చేలో పడిందట. ఒకామె పక్కింటివాళ్ళు గోడ తన చూరు కిందికి జరిపారంటోంది. బావి గిలక ఎవరు బాగుచెయ్యాలో చెప్పమని ఇద్దరు వచ్చారు. ఇంతలో బసివిరెడ్డి కూడా వచ్చి వినయంగా నిలబడ్డాడు.

"ఎలాగూ వచ్చారు కదయ్యా, ఆ కాలవ సంగతి కూడా తమరే తేల్చి వెళ్ళండి."

"అదేమిటి రెడ్డిగారూ, అవన్నీ నిన్ననే మీ చేతికిచ్చాను కదా?"

"ఇచ్చారు. పొద్దున తీసుకున్నారు కదయ్యా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు మామూలుగా అన్నాడు. కాచన పొద్దున తీసుకున్నది ఒక్క పుట్టినే అని చెప్పబోయి, తనకే నమ్మకం కుదరక ఆగిపోయాడు. కాసేపు ఆలోచించి, ఒక దారి దొరికిందనుకున్నాడు.

"అయితే ఇలా చెయ్యండి. రేవు రెండు ఊళ్ళదీ. మీరూ రాచూరు వాళ్ళూ ఒకచోట కూర్చుని, కాలవ సంగతీ పుట్టి సంగతీ మీలో మీరే తేల్చుకోండి. నేను కలగజేసుకోను."

"చిత్తం. ఎప్పుడు కూర్చోమంటారు?"

"మీ ఇష్టం."

"అలాగేనయ్యా. తమరే ఒక మంచిరోజు చూసి చెప్పండి."

కాచన నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్ళిపోయాడు. గుడ్డ విప్పి పెద్దేటి మీద గీసిన గీతను చూస్తూ కూర్చున్నాడు. దాన్ని చెరిపేసి రెండు గట్లనూ ఒకే సీమలో పెట్టాలా? పెడితే రెండు గట్ల మీదా బసివిరెడ్డే పెత్తనం చేస్తాడేమో. అలాగే ఉంచాలా? ఉంచితే పొద్దున చూసిందే మళ్ళీ జరుగుతుంది. గీత ఎటు జరిపినా దాని కింద ఎవరో ఒకరు నలుగుతున్నట్టే కనిపించింది.

పొద్దు వాలుతుండగా పోతమ్మ ఆకులో తాటిబెల్లం పెట్టుకుని వచ్చింది. మనవరాలు పుట్టిన సంతోషానికి ఇద్దరికీ తలా కాస్త పెట్టి, కాచన పాదాలకు మొక్కింది. అతను చటుక్కున వెనక్కి జరిగాడు.

"నాకెందుకమ్మా మొక్కుతావు? ఊరే పుట్టి దించి ఉంటే ఎంత బాగుండేది!"

ముసలామె లేచి, కాసేపు అతని మొహంలోకి చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు కనిపించింది.

"దించేవాళ్ళమేమో అయ్యా. తమరు ఉంగరం తీసేముందు గట్టు మీద కూర్చున్న మా మగ్గాల వీధి ఆడవాళ్ళం లేచాం. రెడ్డిగారి భార్య కూడా మాతోనే లేచింది. రాత్రి అరుగు మీద కూర్చున్నది నలుగురు మగాళ్ళు, ఊరంతా కాదు, తాళ్ళు మేమే విప్పుదామని ఒకళ్ళ చేయి ఒకళ్ళం పట్టుకున్నాం. ఇంతలో తమరు రాజాజ్ఞ అన్నారు. అంతే, మళ్ళీ కూర్చున్నాం."

కాచన గబుక్కున అడిగాడు. "మీరు విప్పి ఉంటే మంత్రసాని సమయానికి చేరేదా?"

"ఎవరికి తెలుసయ్యా. రెడ్డిగారు అడ్డం పడేవారు, రభస అయ్యేది. చేరినా చేరేది, చేరకపోయినా చేరకపోయేది. నా మనవరాలు బతికింది, తమరికి రుణపడి ఉంటాను." గడప దాటబోతూ ఆగింది. "కాకపోతే ఇప్పుడు రెడ్డిగారేమంటున్నారో తెలుసా? ఆ ఒక్కసారీ రాజాజ్ఞకు పంపించాను, నా తీర్మానం నాదేనంటున్నారు. తమరు వెళ్ళాక మేము మళ్ళీ లేస్తామో లేదో... పొద్దున లేచినంత తేలిగ్గా మాత్రం లేవలేం."

మర్నాడు గురుశిష్యులు తిరుగుదారి పట్టారు. ఊరు దాటేదాకా బసివిరెడ్డి వెంట వచ్చి, దణ్ణం పెట్టి, మంచిరోజు సంగతి మరిచిపోవద్దని గుర్తుచేశాడు.  జొన్న చేలు దాటాక కాచన ఆగిపోయాడు.

"గురువుగారూ, నేను ఉంగరం తీయకుండా ఉండాల్సిందా?"

"తీయాలి నాయనా. పసిగుడ్డు ప్రాణం అది."

"మరి తీయడం వల్లనే కదా వాళ్ళు కూర్చుండిపోయారు?"

"అవును."

"అయితే నేను చేసింది ఒప్పా, తప్పా? ఎవరి చేతికి ఏమివ్వాలో, హద్దు ఎక్కడ గీయాలో నాకేమీ తెలియడం లేదు. వచ్చేటప్పుడు ఒక్క ప్రశ్నే ఉండేది. ఇప్పుడు ఏది ప్రశ్నో కూడా తెలియడం లేదు."

ఆచార్యులు కొంతదూరం నడిచి, నెమ్మదిగా అడిగారు. "ఆ ఆడవాళ్ళు లేచినప్పుడు నువ్వు చూశావా?"

"లేదు గురువుగారూ. నేను ఏటినే చూస్తున్నాను."

"నేను చూశాను" అన్నారాయన. "వాళ్ళని ఇంకాస్తసేపు నిలబడనివ్వాల్సింది. ఎంతసేపో నాకూ తెలియదు."