పరగడుపు గడి

ఒక వైద్య కళాశాలలో మూడు పరిశోధన బృందాలకూ కలిపి ఉన్న ఒకే ఒక్క ల్యాబులో భూషణం అనే టెక్నీషియన్ ఉండేవాడు. చెయ్యి మంచిదే గాని, నోరు విప్పి ఒక ప్రశ్న అడగాలంటే అతనికి ప్రాణం మీదికొచ్చేది.

ఆ ప్రశ్న పెద్దదేమీ కాదు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని గట్టిపడే జబ్బు మీద అక్కడ పరిశోధన జరిగేది. రక్తం ఇచ్చేవాళ్లు పరగడుపున రావాలి. తిని వస్తే కొవ్వు అంకె పెరిగిపోతుంది. అందుకే ఫారంలో "పరగడుపా?" అని ఒక గడి ఉండేది. రోజుకు అరవై మంది, అరవై సార్లు అదే మాట. పదిహేనేళ్లు అడిగి అడిగి విసిగిపోయిన భూషణం ఒక వేసవిలో అడగడం మానేశాడు. పొద్దున్నే కూర్చుని ఫారాలన్నిటి మీదా ఒకేసారి టిక్కు పెట్టేసేవాడు. పాపం, అతనూ మనిషే.

ఒకరోజు పైడమ్మ అనే ముసలావిడ చెయ్యి చాపుతూ తనే చెప్పింది.

"బాబూ, తెల్లారగట్ల బస్సెక్కినాను. బస్టాండు కాంప్లెక్సులో దిగి రెండిడ్లీ తినీసి టీ తాగినాను. పర్లేదా?"

ఆవిణ్ణి వెనక్కి పంపితే రేపు మళ్లీ ఫారం, మళ్లీ సూది.

"పర్లేదులేమ్మా" అన్నాడు భూషణం. రెండిడ్లీలకీ ఒక్క టీకీ కొంపలేం మునుగుతాయి అనుకున్నాడు.

ఏడాది గడిచింది. అన్ని బృందాల లెక్కలూ తేల్చే రజియా మేడం ఒక మధ్యాహ్నం కాగితాల కట్టతో ల్యాబుకు వచ్చింది. వెనకే డాక్టర్ సుభద్ర. ఆవిడ ఆరేళ్లుగా ఒక మందును పరీక్షిస్తోంది. అది పనిచేసిందో లేదో తేల్చవలసింది ఈ చివరి ఏడాది రక్తమే. మార్చిలో ఆవిడ రిటైరవుతుంది.

"భూషణంగారూ, అంకెలు పొసగడం లేదు. కొందరు తినొచ్చినట్టున్నారు. వాళ్లెవరో చెప్పండి, వాళ్లను తీసేసి మిగతాది నిలబెడతాను" అంది రజియా.

అబద్ధమాడే ఓపిక కూడా భూషణంలో మిగల్లేదు.

"ఎవరో నాకూ తెలియదు మేడం. పోయిన వేసవి నుంచి నేనెవర్నీ అడగలేదు."

"అయితే తినకుండా వచ్చినవాళ్లవీ పనికిరావు" అంది రజియా నీరసంగా.

సుభద్ర ఆ కాగితాల కట్ట అందుకుని బయటికి నడిచింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే భూషణానికి తేలికగా ఉండేది. మూడు బృందాల ఏడాది కష్టమూ బుట్టదాఖలైంది. మార్చి వచ్చింది. మందు సంగతి తేలకుండానే సుభద్ర వెళ్లిపోయింది.

మళ్లీ మొదటినుంచి రక్తం తీయడం మొదలుపెట్టారు. పైడమ్మ వచ్చి కూర్చుంది.

"ఏమైనా తిన్నారా అమ్మా?" అన్నాడు భూషణం.

"టీ తాగినాను బాబూ. అప్పుడూ సెప్పినాను గదా, నువ్వే పర్లేదన్నావు."

భూషణానికి తల కొట్టేసినట్టయింది.

"అప్పుడు తప్పు చెప్పానమ్మా. రేపు పరగడుపున రండి" అని గడిలో "కాదు" అని రాశాడు. తరువాత మిగిలిన యాభై తొమ్మిది మందినీ అడిగాడు. విసుగు ఏమీ తగ్గలేదు. అయినా అడిగాడు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని రాస్తే ఒక్క గడి ఖాళీగా ఉంటుంది, అడక్కుండానే తెలుసని రాస్తే పదిమంది కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.