గురువుగారి ఆఖరి వరస

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ. ఒరేయ్ జగ్గూ, ఆ కిటికీ దిగి వచ్చి కూర్చో. కథ మొదలుపెడుతున్నాను.

పార్వతీపురంలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే హైమావతికి పనితనం ఎంతో ఉండేది గానీ, ఓపిక మాత్రం ఆవగింజంతైనా ఉండేది కాదు.

ఒకరోజు, రొమ్ముకి తప్పెట కట్టుకుని గంతులేస్తూ ఆడే తప్పెటగుళ్ళ బృందం పెద్ద అసిరయ్య ఒక పాత కెమెరా, దాని మెమరీ కార్డూ పట్టుకుని ఆమె కొట్టుకి వచ్చాడు.

"మా గురువుగారు ఆడిన ఆఖరి వరస ఇందులోనే ఉందమ్మా. ఆయన పోయారు. ఆ అడుగులు మాలో ఎవరికీ పూర్తిగా రావు. ఆదివారం జాతరలో ఆడాలి" అన్నాడు.

వీడియో పెడితే గజ్జెల చప్పుడు వినిపించింది గానీ బొమ్మ రాలేదు.

"ఓస్, ఇంతేనా! మీరు టీ తాగొచ్చేలోపు బాగుచేసేస్తాను" అంది హైమావతి.

కాపీ తీసుకోలేదు. వీడియోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ తెరిచింది. 'అసలు ఫైలు మీదే రాసెయ్యమంటారా?' అని అది అడిగితే, చదవకుండానే సరే అని నొక్కేసింది. ఈసారి బొమ్మా లేదు, చప్పుడూ లేదు.

టీ తాగొచ్చిన అసిరయ్య తెల్లబోయాడు. "ఇందాక గజ్జెలైనా మోగాయి కదమ్మా! గురువుగారిని రెండోసారి చంపేశావేటి?"

'కార్డే పాడైంది' అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసి మింగేసింది. "తప్పు నాదే బాబాయ్. తొందరపడ్డాను. రెండు రోజులు టైమివ్వండి" అంది.

ముందుగా కాపీ తీసి, అసలు కార్డుని డబ్బాలో పెట్టి మూత వేసింది. కాపీని అంకెల రూపంలో తెరిచింది. తెర నిండా అంకెలే! ఆ కెమెరా కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది వీడియోని ఏ పద్ధతిలో రాస్తుందో చెప్పేవాళ్ళు లేరు.

"అయితే కెమెరానే అడుగుదాం. వేరే కార్డు వేసి దీంతో కొత్త వీడియో తీస్తాను, ఆడండి బాబాయ్!"

"ఇక్కడా? ఈ కుర్చీల మధ్యా?" అంటూనే అసిరయ్య పంచె ఎగ్గట్టి గంతేశాడు. స్టూలు బోర్లాపడింది. వీధిలో జనం మూగి ఈలలు వేశారు.

కొత్త వీడియో అంకెల్నీ, పాతదాని అంకెల్నీ పక్కపక్కన పెట్టి హైమావతి ఒక్కో వరసా పోల్చింది. రెండో రోజుకి గుట్టు తెలిసింది. ప్రతి బొమ్మకి ముందూ అవే నాలుగు అంకెలు! బొమ్మలు దాదాపు అన్నీ పదిలంగానే ఉన్నాయి. ఏది ఎక్కడుందో చెప్పే మొదటి భాగమే చెరిగిపోయింది. కొత్త వీడియోని చూసి అలాంటి భాగమే తయారుచేసి, కాపీకి అతికించింది.

తెర మీద గురువుగారు ఎగిరి గంతేశారు! అసిరయ్య లేచి ఆయనతో అడుగు కలిపాడు. "ఇదేనమ్మా, ఈ తిప్పుడే మాకు తెలీనిది!"

ఆట మొదట్లో గురువుగారు దణ్ణం పెట్టిన అరనిమిషం మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ రాతల కింద చెరిగిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. హైమావతి తల దించుకుంది.

"ఊరుకో తల్లీ, ఆ దణ్ణమేదో మేం పెట్టుకుంటాం" అన్నాడు అసిరయ్య.

ఆదివారం జాతరలో ఆ వరస అదిరిపోయింది. హైమావతి దాన్ని వీడియో తీసింది. కొట్టుకి రాగానే, కుర్చీలోనైనా కూర్చోకుండా రెండు కాపీలు తీసింది.

చూశారా పిల్లలూ! తెలియని వస్తువుని ముందు ఓపికగా తెలుసుకోవాలి, ఆ తరవాతే చెయ్యి పెట్టాలి. తొందరలో చెరిపేసింది మళ్ళీ రాదు. ఇక లేవండి, ఇళ్ళకి పోయి వేడి చల్లారకముందే అన్నాలు తినండి.