ముత్యాలత్త ముల్లు పరీక్ష

నల్లవాగు ఒడ్డున సింగన్న అనే దుప్పి ఉండేవాడు. ఆడ దుప్పులు చూస్తున్నాయంటే చాలు, ఒళ్లు తెలియదు. ఓ పొద్దున అలాగే నాచు పట్టిన బండ మీంచి వాగు దాటబోయాడు. కాలు జారి, నడుము రాతికి తగిలేలా దబ్బున పడ్డాడు. లేవబోతే ముందు కాళ్లు లేచాయి గానీ వెనక కాళ్లు మాట వినలేదు.

నలుగురూ మూగారు. అందర్నీ తోసుకుని నక్క బైరాగి వచ్చాడు.

"నడుం పట్టింది, అంతే! నేను ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి. నాలాంటివాడు తొక్కితే ఎంతటి నడుమైనా దారికొస్తుంది. ఎలుగు మామా, వీణ్ణి బోర్లా తిప్పు!"

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం నొప్పి పోతుందని ఆ అడవిలో అందరికీ నమ్మకం. సింగన్నకీ నమ్మకమే. ఎలుగుబంటి చేతులు చాచాడు.

"ఆగు! వాణ్ణి కదిపావంటే నీతో మాట్లాడను!"

కేక వేసింది ముళ్లపంది ముత్యాలత్త. ఆ అడవికి వైద్యురాలు ఆవిడే. రొప్పుకుంటూ వచ్చి సింగన్న తల దగ్గర కూర్చుంది.

"అల్లుడూ, మెడ తిప్పకు. ఎక్కడ నొప్పి?"

"నడుం దగ్గరత్తా. కింద కాళ్లున్నట్టే లేదు."

ఆవిడ తన ఒంటి ముల్లొకటి తీసి, తొడ నుంచి కిందికి మెల్లగా గుచ్చుతూ వెళ్లింది. డెక్క సందున ఆగింది. "ఇక్కడ?"

"చీమ పాకినట్టుంది."

ముత్యాలత్త ముఖం వెలిగిపోయింది. "బతికించావు! వెన్నుపూస చితికింది గానీ లోపలి నరం తెగలేదురా, నలిగింది. ఇప్పుడు దాన్ని తొక్కితే పుటుక్కున తెగేది. ఇక జన్మలో లేచేవాడివి కాదు."

బైరాగి మెల్లగా జారుకున్నాడు.

తలొకరూ తల, భుజాలు, నడుము, కాళ్లు పట్టుకున్నారు. అత్త మాట మీద అందరూ ఒక్కసారే, ఒళ్లు మెలిపడకుండా, సింగన్నను వెడల్పాటి చెట్టుబెరడు మీదికి దొర్లించి తీగలతో కట్టారు. పుండ్లు పడకుండా ఆవిడ దగ్గరుండి పక్కలు మార్పించేది. చిన్న పిల్లాడికి పెట్టినట్టు లేత ఆకులు నోటికందించేది. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందీవిడకని సింగన్న ఆశ్చర్యపోయేవాడు.

కొన్నాళ్లకు బైరాగి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"అత్తోయ్! గట్టు మీంచి పడ్డాను. నా నడుమూ విరిగింది, కాళ్లు చచ్చుబడ్డాయి. సింగన్న పక్కనే నాకూ ఇంత చోటివ్వు."

సింగన్న బైరాగి కోరల వైపు చూశాడు. తానేమో తీగలతో బిగిసి ఉన్నాడు. అత్త మందు వేర్ల కోసం అలా వెళ్తే చాలు, వీడికి విందే.

"అయ్యో, తప్పకుండా నాయనా," అంది ముత్యాలత్త. "ముందు పరీక్ష చెయ్యనీ. కళ్లు మూసుకో. ముల్లు గుచ్చుతాను. తెలిస్తే 'ఆ' అను, తెలియకపోతే 'లేదు' అను."

చెవి మీద గుచ్చింది. "ఆ!"

భుజం మీద. "ఆ!"

ఏమీ అనకుండా వెనక కాలి మీద గుచ్చింది. "లేదు!"

తోక మీద. "లేదు!"

"సరిగ్గా చూసుకుని చెప్పు నాయనా." అరికాలిలో గుచ్చింది.

బైరాగి పళ్లు బిగించి, "లేదంటే లేదు!" అన్నాడు.

పడ్డప్పటినుంచీ నవ్వని సింగన్న పకాలున నవ్వాడు. "తెలియని చోట గుచ్చిన ప్రతిసారీ నీకెలా తెలిసింది బైరాగీ?"

బైరాగి కళ్లు తెరిచాడు. ముత్యాలత్త ముల్లు తుడుచుకుంటూ, "ఈ జబ్బుకు నా దగ్గర మందు లేదు. ఎలుగన్నా, నువ్వెలా పుట్టావు?" అంది.

"ఎదురుకాళ్లతోనే అనేది మా అమ్మ."

"అయితే వీడి నడుం నువ్వే తొక్కు."

ఎలుగుబంటి కాలెత్తాడో లేదో, చచ్చుబడ్డ కాళ్లు రెండూ బతికాయి. బైరాగి వాగు దాటేదాకా వెనక్కి చూడలేదు.

వానలు వెనకబట్టాక ముత్యాలత్త మళ్లీ సింగన్న డెక్క సందున ముల్లు గుచ్చింది. "అమ్మో!" అని కాలు విదిలించాడు. ఆ కేక విని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. సింగన్న మెల్లమెల్లగా లేచి, కాస్త కుంటుతూనే వాగు దాకా నడిచి నీళ్లు తాగాడు. ఆవిడలాంటి వైద్యురాలు ఏ అడవిలోనూ ఉండదని ఈనాటికీ ఎదురుపడ్డవాళ్లందరికీ చెబుతాడు.

వాగుకు అవతల బైరాగి ఎదురుకాళ్ల కబుర్లు ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఎవరైనా కళ్లు మూసుకోమంటే మాత్రం లేచి వెళ్లిపోతాడు.

నడుం విరిగి పడ్డవాణ్ణి ముందు కదపకుండా ఉంచి వైద్యుణ్ణి పిలవండి; తొక్కుతానని ముందుకొచ్చేవాడి కడుపు ఖాళీగా ఉందేమో చూసుకోండి.