ఆకు మీద బాతు లేదు

సరస్సు అంచున తుంగదుబ్బుల మధ్య ఒక మిట్ట ఉంది. మూడువైపులా నీళ్లు, నాలుగోవైపు సన్నటి కాలువ. ఆ మిట్ట మీద మేకలు, గేదెలు, బాతులు కలిసి బతికేవి. అక్కడ పెద్దరికం గౌరమ్మ అనే ముసలి గేదెది. కాలువ అవతల పొదల్లో శేషగిరి అనే నక్క ఉండేవాడు.

ఆ ఏడు వానలు తగ్గగానే మేకల్లో జబ్బు పుట్టింది. ముందు ముక్కు కారడం, తర్వాత ఒళ్లు కాలిపోవడం, ఆపైన నోట్లో పుళ్లు. వారం తిరక్కుండా రెండు పిల్లలు చచ్చిపోయాయి. ఏడు మేకలు నీరసంతో పడుకున్నాయి.

మేకల నాయకుడు పోలయ్య పంచాయితీ పెట్టించాడు. పిలవకపోయినా శేషగిరి వచ్చి కూర్చున్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది గౌరమ్మగారూ? బాతులు ఎక్కడెక్కడి నీళ్లలోనో తిరిగొస్తాయి. జబ్బు అవే తెచ్చాయి. ఇవాళే కాలువ దాటించేస్తే సరి" అన్నాడు.

బాతుల పెద్ద సుందరమ్మ అడ్డుపడింది. "మా గుడ్లు పిల్లలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఇప్పుడు లేచిపోతే అన్నీ చల్లబడిపోతాయి."

"నా మందలో రెండు పిల్లలు పోయాయి సుందరమ్మా. మీ గుడ్ల సంగతి తర్వాత" అన్నాడు పోలయ్య.

"జబ్బు ఎవరికుందో చూడకుండా ఎవరిని పంపిస్తారు?"

ఆ సన్నటి గొంతు చుంచెలుక పిచ్చమ్మది. ఆమె, ఆమె చెల్లెళ్లిద్దరూ మిట్ట మధ్యనున్న పాత పుట్టలో ఉండేవాళ్లు. ఎవరైనా ఆకుతో ముక్కు తుడిచి ఇస్తే, అందులో జబ్బుందో లేదో వాసన పట్టి చెప్పడం వాళ్ల పని. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పేవాళ్లు కాదు. ముగ్గురూ విడివిడిగా చూసి, మాట ఒకటైతేనే బయటపెట్టేవాళ్లు.

"తలా ఒక ఆకు ఇవ్వండి. బాగున్నవాళ్లు కూడా. రేపు పొద్దెక్కేలోపు చెప్తాం" అంది పిచ్చమ్మ.

గౌరమ్మ తలాడించింది. శేషగిరి వినయంగా ముందుకొచ్చాడు. "బాతులు గుడ్ల మీద నుంచి లేవలేవు కదా, పాపం. వాటి ఆకులు నేను తెచ్చిపెడతాను."

బాతుల దగ్గర పన్నెండు ఆకులు తీసుకున్నాడు. తుంగ చాటుకెళ్లి అన్నీ నీళ్లలో పారేశాడు. మగతగా పడున్న ఒక తెల్లమేక ముక్కుకి పన్నెండు కొత్త ఆకులు రుద్ది, పుట్ట ముందు పెట్టేశాడు.

మర్నాడు అందరూ చేరారు.

"గేదెలకు లేదు. మేకల్లో తొమ్మిదింటికి ఉంది" అంది పిచ్చమ్మ.

"మరి బాతులకో?" శేషగిరి ఆత్రం ఆపుకోలేకపోయాడు.

"పన్నెండు ఆకుల మీదా జబ్బుంది."

మేకలు గొల్లుమన్నాయి. శేషగిరి లేచి నిలబడ్డాడు. "నేను ముందే చెప్పాను కదా."

"కూర్చో. జబ్బుందన్నాను. కానీ ఆకు మీద బాతు లేదు. పన్నెండింటి మీదా ఒకే మేక వాసన, ఆ తెల్లమేకది."

"వయసు మీద పడిన ముక్కు. పొరపాటు పడుంటుంది."

"ముగ్గురం ఒకే పొరపాటు పడ్డామా? సరే, మళ్లీ చూద్దాం. ఈసారి ఆకులు అందరి ముందూ తీసుకుందాం."

బాతులు ఒక్కొక్కటే వచ్చి అక్కడే ముక్కు తుడిచిచ్చాయి, వెంటనే గుడ్ల మీదికి పరిగెత్తాయి. అక్కచెల్లెళ్లు వంతులవారీగా వాసన చూశారు. ఒక్క బాతుకీ జబ్బు లేదు.

గౌరమ్మ మెల్లగా శేషగిరి వైపు తిరిగింది. "నీ ముంగాళ్లు ఇలా పెట్టు నాయనా. పిచ్చమ్మ వాసన చూస్తుంది."

శేషగిరి కాళ్లు పెట్టలేదు. ఒక్క దూకులో కాలువలో పడి, తడిసిన తోక ఈడ్చుకుంటూ అవతలికి పోయాడు.

"తొమ్మిదన్నావు. పడుకున్నవి ఏడే కదా?" అడిగాడు పోలయ్య.

"మిగతా రెండూ తిరుగుతున్నాయి. ఒకటి చుక్కలమేక. రెండోది నువ్వు."

"నేనా? పొద్దున కూడా కడుపు నిండా మేశాను."

"మేశావు. నోట్లోంచి తీసి పిల్లలకూ పెట్టావు. రెండు రోజుల్లో నీకూ ముక్కు కారుతుంది. ఈలోపు ఎంతమందికి అంటిస్తావన్నది నీ ఇష్టం."

పోలయ్య పిల్లల వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. "పోయిన ఆ పిల్లలకు కూడా నా వల్లే వచ్చిందా?"

"అది నా ముక్కుకు తెలియదు. తెలియనిది నేను చెప్పను."

పోలయ్య మిగతా ఎనిమిదింటినీ వెంటబెట్టుకుని మిట్ట ఉత్తరపు కొసకు తనే నడిచాడు. గేదెలు వరసగా నిలబడి అడ్డుగోడ కట్టాయి. వాళ్ల మేత వేరు, వాళ్ల నీళ్లు వేరు. రెండో రోజు పోలయ్యకు ముక్కు కారింది. ఉన్నవాటిలో రెండు ముసలి మేకలు దక్కలేదు. ఆ తొమ్మిదీ కాక మరే మేకకూ జబ్బు సోకలేదు.

అక్కచెల్లెళ్లు రోజు విడిచి రోజు ఆకులు చూస్తూనే ఉన్నారు. ముక్కులు వాచినా ఆపలేదు. ఇరవయ్యో రోజుకి అన్ని ఆకులూ శుభ్రంగా వచ్చాయి.

ఎముకలు తేలిన పోలయ్య తిరిగొచ్చి, పుట్ట ముందు కొమ్ములు నేలకి ఆనించాడు. "ఇన్నాళ్లూ నా కొమ్ముల్ని చూసుకుని గర్వపడ్డాను పిచ్చమ్మత్తా. ఇకమీదట ఎవరైనా మీది ఏ మిట్ట అని అడిగితే, పిచ్చమ్మ ఉన్న మిట్ట అని చెప్తాను."

పిచ్చమ్మ మీసాలు సర్దుకుంది. "చెప్పు. మా చెల్లెళ్ల పేర్లు కూడా కలిపి చెప్పు."

కొన్నాళ్లకి శేషగిరి పక్క మిట్టకు చేరాడు. అక్కడ పందుల్లో దగ్గు మొదలైందని విని, పెద్ద పంది దగ్గర చతికిలబడ్డాడు. "ఇదంతా కొంగల పనే. తరిమేయండి."

"కావచ్చు, చూద్దాం. పిచ్చమ్మ చిన్నచెల్లెలు మొన్ననే ఇక్కడ కాపురం పెట్టింది, పని కూడా మొదలెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లదే ముందు చూస్తుందట" అంటూ పంది ఒక ఆకు అతని ముందుకు తోసింది. "ఏదీ, ముక్కు తుడిచివ్వు."

జబ్బు ఎక్కడుందో తేల్చిచెప్పేవాళ్లున్న చోట జబ్బూ ఆగుతుంది, నిందా ఆగుతుంది.