పదకొండేళ్ళ తండ్రి

అమ్మలారా, అయ్యలారా, స్వామి పలికించినంత మేర చెబుతాను, వినండి.

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలేవాడు మకరధ్వజ మహారాజు. నలభైతొమ్మిదో ఏట పట్టాభిషేకమైంది. ఆ అభిషేక స్నానంతో రాజుకు కొత్త జన్మ అన్నారు పురోహితులు. ఇక అప్పట్నుంచి ఆయన వయసు సింహాసనం ఎక్కిన రోజునుంచే లెక్క. ఈ కథ జరిగిన నాడు ఆయనకు పదకొండో పుట్టినరోజు! తెల్లటి మీసాలు, ఎదురుగా వెండిగిన్నెలో పాలబువ్వ. మీరు నవ్వుతున్నారు గానీ సభలో ఎవరూ నవ్వలేదండీ. నవ్వితే తల దక్కదు.

ఆ రోజే నాంచారయ్య సభకు వచ్చాడు. కోవెల్లో సన్నాయి వాయించి రోజూ స్వామిని మేలుకొలిపినవాడు. యాభైనాలుగో ఏట ఊపిరి చాలక, సన్నాయి స్వామి పాదాల దగ్గర పెట్టేశాడు. వాద్యాల దుకాణం పెట్టుకుందామనుకున్నాడు. కానీ ఆ రాజ్యంలో దుకాణం తెరవాలంటే రాజుగారి వర్తక విద్యాలయంలో చదివి అనుమతి ముద్ర పొందాలి. అది రాకపోతే అతనికీ, ఇల్లాలికీ వేరే బతుకుతెరువు లేదు.

సభలోనే ఉన్న విద్యాలయం పెద్ద అనంతభట్టు అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏమయ్యా, మనవణ్ణి చేర్చడానికొచ్చావా?"

"కాదండి, నేనే చేరదామని."

"పదహారు నిండాలి, పాతిక దాటకూడదు. నీకెన్నేళ్ళు?"

నాంచారయ్య రాజుకేసి చూశాడు. పాలబువ్వకేసి చూశాడు.

"ఇంకా ఏడాది నిండలేదండి."

"ఏమిటీ!"

"స్వామి తీర్థం నెత్తిన పోయించుకుని సన్నాయి దించాను. దాంతో పాత జన్మ తీరింది. వర్తకుడిగా పుట్టి కొన్ని నెలలే. మన రాజ్యంలో లెక్క ఇంతేగదండీ?"

భట్టు కాదనబోయి నోరు మూసుకున్నాడు. కాదంటే ప్రభువుల వయసుకే ఎసరు!

"అయితే పదహారు నిండలేదుగా! వెళ్ళిరా."

"పాతిక దాటలేదని తమరే ఒప్పుకున్నారు, సంతోషం. పసివాళ్ళనైతే తండ్రి చెయ్యిపట్టుకుని తెచ్చి అప్పగిస్తే చేర్చుకుంటారటగా?"

"ఉందిలే ఆ ఆచారం. మీ నాన్నను పిలు."

"ఆయన వైకుంఠంలో ఉన్నారు. కానీ ప్రజలందరికీ ప్రభువులే తండ్రి అని వందిమాగధులు ఇందాకే పాడారు."

రాజు మీసం దువ్వాడు. "అవును, తండ్రినే!"

"మహాప్రభో, తమకు పదకొండేళ్ళు! పదకొండేళ్ళ బాలుడు తండ్రి ఎలా..." భట్టు నాలిక కరుచుకున్నాడు.

"నేను తండ్రిని కానంటావా?"

"అయ్యో, తండ్రే!"

"అయితే బాలుణ్ణి కానంటావా?"

"బాలులే! అంటే... తండ్రిగారైన బాలులు..."

సభంతా వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. రాజుగారికీ తల తిరిగింది. "నాకు పదకొండు, వీడికి ఏడాది లేదు. మరి వీడి జుట్టెందుకు నెరిసింది? సరే ఇదంతా వదిలెయ్. ఏమయ్యా, ఈ ముదిమిలో నీకు చదువు అబ్బుతుందా?"

నాంచారయ్య చేతులు జోడించాడు.

"రాజ్యం ఏలడం కన్నా వర్తకం కష్టమా ప్రభూ? తమకు నలభైతొమ్మిదో ఏట అబ్బింది. ఈ వయసులో ఎందుకని ఆనాడు తమనెవరూ అడగలేదు. తమను చూసే నాకీ ధైర్యం వచ్చింది."

రాజు సింహాసనం దిగి వచ్చి నాంచారయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"భట్టూ, చేర్చుకో. తండ్రిని నేను."

"తండ్రిగారి వయసు కూడా అడగడం ఆనవాయితీ ప్రభూ..." భట్టు గొణిగాడు.

రాజు పకపకా నవ్వాడు. "అరవయ్యి! హమ్మయ్య, అనేశాను! ఇన్నాళ్ళూ మోకాళ్ళ నొప్పులని చెప్పినా ఒక్కడూ పట్టించుకోక చచ్చానయ్యా! పసివాడికి నొప్పులేమిటని మన వైద్యుడు ఉగ్గు పట్టించి పంపేవాడు!"

"అలాగైతే నాంచారయ్య అసలు వయసు..."

"నా బిడ్డ వయసు అడగడానికి నువ్వెవడివి?"

ఇక సభ ఆగలేదు. ఆ నవ్వుల మధ్యే రాజు తన శాలువా తీసి నాంచారయ్యకు కప్పాడు. చదువు పూర్తయ్యేదాకా అతని ఇంటికి బియ్యం కోటనుంచే పంపమన్నాడు. ఆనక అతణ్ణి తనే విద్యాలయానికి నడిపించుకుని బయల్దేరాడు.

వాకిట్లో నాంచారయ్య కళ్ళు తుడుచుకుని, రాజుగారి మోచెయ్యి పట్టుకున్నాడు.

"మెట్లున్నాయి, మెల్లగా దిగండి నాన్నగారూ."