గౌరినాయుడి ఎత్తు బండి

సీతమ్మగరువులో గౌరినాయుడు అనే బండి యజమాని ఉండేవాడు. నలుగురి కంటా పడే పనిని ఈ రోజే చేసేవాడు, కంటపడని పనిని వచ్చే వారం చేస్తాననేవాడు. అతనికి ఒక పాత పికప్పు ఉండేది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి కాబట్టి కొండదారులు బాగానే ఎక్కేది. చేతిబ్రేకు మాత్రం రెండేళ్లుగా వచ్చే వారంలోనే ఉంది.

సీతమ్మగరువుకి పైన, కొండ మీద జాజులపుట్టు అనే చిన్న ఊరు ఉంది. అక్కడ పసుపూ అల్లమూ మిరియాలూ పండుతాయి. వానలు తగ్గాక మొదటి సంతకి వెళ్లే బండిని ఆ ఊరివాళ్లు ఒక పద్ధతిలో పరీక్షించేవారు. మొదటి బస్తా ఎవరిదైతే వాళ్లు డ్రైవరు పక్కన కూర్చోవాలి. దారిలో వాళ్ల కాలు నేలకి తగలకుండా సంతకి చేర్చిన బండికే ఆ ఏడాది సరుకంతా. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. బళ్లు తోసి తోసి విసిగినవాళ్లు ఎవరో పెట్టి ఉంటారు.

కిందటేడు గౌరినాయుడి బండి దారిలో ఉన్న గెడ్డ, అంటే కొండవాగు, దాటుతూ ఒక బండరాయి మీద పొట్ట ఆనించి కూర్చుంది. మొదటి బస్తా ఆసామి దిగి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి తోశాడు. సరుకంతా బంగార్రాజుకి పోయింది. బంగార్రాజు బండి పొట్టిది. ఊళ్లో దాన్ని తాబేలు అనేవారు. అతను గెడ్డ దగ్గర ఆగి, లుంగీ ఎగ్గట్టి, అడ్డొచ్చిన రాళ్లు పక్కకి దొర్లించి, అప్పుడు దాటేవాడు. చూసేవాళ్లకి అందులో తమాషా ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడాది గౌరినాయుడు ఇటుకలు తోలుకుని బతికాడు. ఈ ఏడు కూడా సరుకు దొరక్కపోతే బండి అమ్ముకోవాల్సిందే. ఈ సంగతి అతని భార్య అప్పలనరస ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఓ ముగ్గురికి మాత్రం చెప్పింది.

బండి ఎత్తు పెరిగితే రాళ్లు తగలవని గౌరినాయుడికి తోచింది. ఎవరైనా ముందు బండి ఎత్తి, తరవాత దానికి సరిపోయే టైర్లు కొంటారు. గౌరినాయుడు ముందు టైర్లు కొన్నాడు. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికిన పెద్ద టైర్లవి. ఇంటి ముందు వరసగా నిలబెట్టాడు. మూడు రోజులు ఊరంతా వచ్చి చూసింది. నాలుగో రోజు బిగిస్తే, స్టీరింగు తిప్పగానే అవి మడ్‌గార్డుకి పట్టేశాయి. బండి తిన్నగా మాత్రమే వెళ్లేది. తిన్నగా వెళితే పోస్టాఫీసు గోడ ఉంది.

బండిని రహమతుల్లా మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లాడు.

"బండి బరువు మోసే కమాన్ల దగ్గర ఇనప దిమ్మలు పెట్టి ఎత్తుతాను నాయుడూ," అన్నాడు మేస్త్రి. "కానీ బండి పైకి లేస్తే చక్రాలు దానికి దూరమవుతాయి. బ్రేకు పైపులు చాలవు. పొడుగువి వేయాలి."

"ఎక్కడుంటాయవి?"

"చక్రాల వెనక."

"అయితే బయటికి కనపడవు."

"కనపడ్డానికి కాదయ్యా, ఆగడానికి."

"వచ్చే వారం వేయిద్దాంలే."

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. "అందాకా బరువు వేయకు. గోతుల్లో దింపకు. ఒక్క చక్రం గోతిలోకి వేలాడిందంటే పైపు తెగుతుంది. తరవాత నేను చెప్పలేదనకు."

"చెప్పావు మేస్త్రీ," అని గౌరినాయుడు మర్యాదగా ఒప్పుకున్నాడు.

పైపుల కోసం అప్పలనరస ఇచ్చిన డబ్బుతో ఏడు రాగాల హారను కొన్నాడు.

"పైపులేవి?" అంది అప్పలనరస.

"ఇది మోగితే అందరూ తప్పుకుంటారే. బ్రేకుతో పనేముంది?"

"చెట్లు కూడా తప్పుకుంటాయా?" అందామె. అతను హారను మోగించాడు. ఆ రోజంతా ఊళ్లో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

మొదటి సంత రోజు రెండు బళ్లూ జాజులపుట్టు చేరాయి. ముందు వచ్చింది గౌరినాయుడిది కాబట్టి మొదటి వంతు దానిదే. ఆ ఏడు మొదటి బస్తా సోములమ్మది. కిందటేడు గెడ్డలో బండి తోసినవాడు ఆమె మొగుడే. సోములమ్మ ముందు తాబేలుని చూసింది, తరవాత గౌరినాయుడి బండిని కింది నుంచి పైదాకా చూసింది.

"మా ముసలోడి నడుం ఇంకా బాగవలేదు నాయుడూ. ఈసారి తోసే పని ఉండదు కదా?"

"నీ కాలికి దుమ్ము కూడా అంటదవ్వా."

"ఎక్కితే కదా అంటేది," అంది సోములమ్మ.

ఆమె అన్నదీ నిజమే. బండి గడప ఆమె రొమ్ముల ఎత్తున ఉంది. పీట తెచ్చారు, చాల్లేదు. దాని మీద ఇంకో పీట వేశారు. ఇద్దరు పట్టుకుంటే ఎక్కింది. ఆ ఊరి ఆడవాళ్లు బస్తాలు నెత్తిన మోసుకొచ్చి బండిలోకి దించేవారు. ఇప్పుడు బండి వాళ్ల నెత్తి కంటే ఎత్తుగా ఉంది. దించడం వాళ్లకి తెలుసు కానీ నెత్తి మీంచి పైకెత్తడం తెలియదు. పదకొండు బస్తాలు ఎక్కేసరికి పొద్దు బారెడెక్కింది. గౌరినాయుడిని ఎవరూ ఏమీ అనలేదు. అతని ముందు అనలేదు.

గెడ్డలో మాత్రం బండి దర్జాగా దిగింది. కిందటేటి బండరాయి పొట్ట కింది నుంచి వెళ్లిపోయింది. గౌరినాయుడికి గుండె నిండింది. ఇక బండి అమ్మనక్కర్లేదనుకున్నాడు. హారను మోగించాడు. ఏడు రాగాలూ అయ్యేదాకా సోములమ్మ చెవులు మూసుకుంది.

గెడ్డ దాటాక దారి కిందికి దిగుతుంది. వానలకి ఒక పక్క కోసుకుపోయి ఉంది. ముందు చక్రం ఆ కోతలోకి వేలాడింది. కింద ఏదో టప్పుమంది. గౌరినాయుడు బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకి అంటుకుపోయింది. వెనక పదకొండు బస్తాలు తోస్తున్నాయి.

"దిగుడులో ఈ జోరేటి బాబూ?" అంది సోములమ్మ.

అతను చేతిబ్రేకు లాగాడు. అది ఊడి చేతికొచ్చింది. ఇంక ఆ బండిలో పని చేసేది హారనొక్కటే. దాన్ని మోగించాడు. ఒక మేక తప్పుకుంది. మలుపూ లోయా తప్పుకోలేదు. ఆ క్షణంలో గౌరినాయుడికి మేస్త్రి మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా గుర్తొచ్చాయి. చిన్న గేరులోకి లాగి, స్టీరింగు కొండ వైపు తిప్పాడు. బండి మట్టిగట్టులోకి ముక్కు గుచ్చి ఆగింది.

సోములమ్మ చెవుల మీంచి చేతులు తీసింది.

"సంత వచ్చిందా?" అంది సోములమ్మ.

"లేదవ్వా."

ఆమె తలుపు తెరిచి కిందికి చూసింది. "దిగుదామంటే పీటలేవి?"

"మీ ఊళ్లో ఉండిపోయాయి."

"మంచిదే అయింది," అంది ఆమె, కాళ్లు పైకి ముడుచుకుని.

ఖాళీగా దిగి వస్తున్న బంగార్రాజు ఈ లోగా అక్కడికి చేరాడు. తాబేలుని వెనక్కి నడిపి, దాని తొట్టిని ఆ తలుపుకి ఆనించాడు. సోములమ్మ అతని చెయ్యి పట్టుకుని ఇటునుంచి అటు అడుగు వేసింది. వెనకాలే ఆమె బస్తా వచ్చింది. కాలు నేలకి తగల్లేదు.

"అవ్వా, నువ్వు ఎక్కింది నా బండి," అన్నాడు గౌరినాయుడు.

"ఎత్తుకి ఎక్కించింది నువ్వే బాబూ, కాదన్లేదు," అంది సోములమ్మ. "చేర్చేది ఇతను."

ఆ ఏడు సరుకంతా బంగార్రాజుకే వెళ్లింది. నెల తిరక్కుండా గౌరినాయుడి బండి కూడా అతనికే వెళ్లింది. బంగార్రాజు దిమ్మలు తీయించి, పాత టైర్లూ కొత్త పైపులూ వేయించాడు. గౌరినాయుడు ఇప్పుడు అదే బండిని జీతానికి తోలుతున్నాడు. రోజూ బయల్దేరే ముందు వంగి చక్రాల వెనక చూస్తాడు. కొత్తగా చూసినవాళ్లు ఏదో పారేసుకున్నాడనుకుంటారు.

నీతి: నలుగురికీ కనపడేదాన్ని ఎత్తు చేసే ముందు, ఎవరికీ కనపడకుండా మనల్ని కాపాడేదాన్ని సరిచేసుకోవాలి.