గవరయ్య తలకాయంత బుట్ట

చినకోలవలసలో తమ ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకెక్కడా లేదని గవరయ్య నమ్మకం. అతని పెళ్ళాం సన్నెమ్మ నమ్మకమూ అదే. తల్లి నూకాలమ్మకైతే అనుమానమే లేదు. ముగ్గురూ ఊరెళ్తే తలుపుకి రెండు తాళాలు వేసి, తాళంచెవులు పోకుండా ఆ తాళాలకే కట్టి వెళ్ళేవాళ్ళు. అంత తెలివి!

ఒకరోజు చేతిపనులు నేర్పే మాణిక్యం టీచరు వాళ్ళింటికొచ్చింది.

"ఇంట్లో పాత సామానుతో వస్తువులు చెయ్యాలి. పోటీ పెడుతున్నాం, బహుమతి కూడా ఉంది. ముందు అన్నిటికన్నా పాతదేదో బయటికి తీయండి."

అంతే. మొగుడూ పెళ్ళాం లోపలికెళ్ళి నూకాలమ్మని మంచంతో సహా మోసుకొచ్చి వాకిట్లో దించారు.

"మా ఇంట్లో ఇంతకన్నా పాతది లేదు టీచరమ్మా," అన్నాడు గవరయ్య.

"నాతో ఏం చేస్తారే? సంచీయా?" అంది నూకాలమ్మ భయంగా.

టీచరు తల పట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. "పాత కాగితాలు చించి, మెంతులేసి నానబెట్టి, మెత్తగా రుబ్బండి. తలకాయంత కుండ బోర్లించి, దాని మీద ఆ గుజ్జు మెత్తండి. ఎండాక ఊడదీస్తే బుట్ట. పాత చీరల పీలికల్ని జడ అల్లినట్టు అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టండి. కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది. కాస్త చెయ్యి తిరిగితే ఎవరికైనా వస్తుంది."

ఆమె అటు వెళ్ళగానే గవరయ్య చెయ్యి తిప్పడం మొదలెట్టాడు. గిరగిరా తిప్పాడు. తిప్పీ తిప్పీ ఉట్టి కిందికొచ్చాడు. ఇంకేముంది! పెరుగు కుండ భళ్ళుమంది.

"అయ్యో, తలకాయంత కుండ మనకదొక్కటే కదయ్యా!" అని సన్నెమ్మ లబోదిబోమంది.

గవరయ్య మీసాల మీది పెరుగు నాక్కుంటూ ఆలోచించాడు. "పిచ్చిదానా, తలకాయంత కుండ లేకపోతేనేం? తలకాయే ఉందిగా!"

"నా కొడుకు! ఎంత తెలివి!" అని నూకాలమ్మ మెటికలు విరిచింది.

మర్నాడు ఆవిడే కాగితాలు రుబ్బడానికి కూర్చుంది. వేలితో తీసి నాలిక్కి రాసుకుని, "ఛీ, చప్పగా ఉంది," అని గుప్పెడు ఉప్పూ, ఆపైన మిరపకాయలూ వేసింది. సన్నెమ్మ ఆ గుజ్జంతా గవరయ్య నెత్తిన మెత్తింది. చెవులు మూసింది, కళ్ళు మూసింది, ముక్కు దగ్గర ఆపింది. అతన్ని ఎండలో కూర్చోబెట్టింది.

"ఓలమ్మో! మంట! మంట!" అని గవరయ్య గెంతులేశాడు.

"కదలకు! బుట్టకి వంకరొస్తుంది!"

పొద్దు వాలేసరికి బుట్ట రాయిలా ఎండింది. లాగితే రాలేదు. అత్త ఎడాపెడా, కోడలు ముందూ వెనకా లాగారు. అయినా రాలేదు. నూకాలమ్మ రోకలి తెచ్చి, కుండ మోగించి చూసినట్టు ఒక్కటి తట్టింది.

"చచ్చాన్రోయ్!"

"విన్నావే? బాగా మోగింది. లోపలదాకా ఎండింది," అంది నూకాలమ్మ సంబరంగా.

ఇంక పట్టా మిగిలింది. "జడలా అల్లమంది సరే. తల లేని జడ ఎక్కడైనా ఉంటుందా అత్తా?" అంది సన్నెమ్మ. అంతే. పీలికలన్నీ తన జుత్తులోనే కలిపి అల్లించుకుంది. అత్త ఆ పొడుగాటి జడ కొసని చాటంత గుండ్రంగా చుట్టి, సూదీ దారంతో బిగించి కుట్టేసింది.

పోటీ రోజున ఊరంతా వీధుల్లో నిలబడి చూసింది. ముందు సన్నెమ్మ, ఆమె వెనక నేల మీద ఈడ్చుకుంటూ వస్తున్న పట్టా, పట్టా మీద తూలుతూ కళ్ళు కనపడని గవరయ్య, చివర రోకలి పట్టుకుని నూకాలమ్మ.

పంచాయతీ ఆఫీసు గుమ్మంలోనే పోటీ చూసి బహుమతి ఇవ్వడానికొచ్చిన పెద్దాయన పట్టా మీద కాళ్ళు తుడుచుకున్నాడు. "ఆహా, ఎంత మెత్తగా ఉంది!"

"మెల్లిగా బాబూ, మాడు లాగుతోంది!" అంది పట్టా యజమానురాలు.

ఆయన ఉలిక్కిపడి పక్కకి తిరిగి బుట్ట చూశాడు. దాని కిందున్న ఒళ్ళు చూడలేదు. "ఎవరోగానీ బాగా బుర్ర పెట్టి చేశారు."

"పెట్టాం బాబూ," అంది బుట్ట కిందనించి గొంతు. "తీయడమే రావట్లేదు."

జనం పొట్టలు పట్టుకున్నారు. మాణిక్యం టీచరు పరిగెత్తుకొచ్చి, మరో నలుగుర్ని పిలిచి, బుట్టని కొందరూ గవరయ్యని కొందరూ లాగితే అది 'టప్' మని ఊడొచ్చింది. కత్తెరతో సన్నెమ్మనీ విడిపించారు. జడ సగం పట్టాకే పోయింది. బుట్టకి మాత్రం చిన్న బీట కూడా లేదు.

"రోకలి దెబ్బకే పగల్లేదు బాబూ!" అని నూకాలమ్మ మళ్ళీ ఎత్తబోతే ఆయన రెండు చేతులా ఆపి, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత గట్టి బుట్ట నేనెక్కడా చూళ్ళేదు," అని బహుమతిగా కొత్త కుట్టుమిషను ఇచ్చేశాడు.

టీచరు జాగ్రత్తలు చెప్పి మరీ పంపింది. "దీనికి అప్పుడప్పుడు నూనె పెట్టండి. రోజూ ఆడిస్తూ ఉండండి. లేకపోతే పాడైపోతుంది."

"ఆమాత్రం మాకు తెలీదా?" అన్నారు ముగ్గురూ.

కొన్నాళ్ళకి టీచరు, ఏమాత్రం కుట్టారో చూద్దామని వెళ్ళింది. పెరట్లో నూకాలమ్మ కాళ్ళు చాపుకుని, మిషనుని కాళ్ళ మీద పడుకోబెట్టి, ఒళ్ళంతా నువ్వులనూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోస్తోంది. సన్నెమ్మ సాంబ్రాణి పొగ వేస్తోంది. గవరయ్య గిలక్కాయ ఆడిస్తున్నాడు.

"ఏవిటయ్యా ఇది!" అని టీచరు కేక పెట్టింది.

గవరయ్య నోటి మీద వేలేసుకున్నాడు.

"ఉష్... టీచరమ్మా, మెల్లిగా! ఇప్పుడే కునుకు పట్టింది."